మా అన్న కుడి చెవి

నేనొక పాట చేశాను. మాటలు లేని పాట, కంప్యూటర్లో చేసింది, ఏడు నిమిషాలు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో విన్నారు, బాగుందని ఇంటర్నెట్లో రాశారు కూడా. మా ఇంట్లో మాత్రం ఒక్కరూ వినలేదు. వినిపించడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ పాట పూర్తి చేసిన వారంలోనే మా అన్న కుడి చెవి పోయింది. అదెలా పోయిందో పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నాళ్లూ నోరు మూసుకుని తిరిగాను. ఇప్పుడు రాస్తున్నానంటే ధైర్యం వచ్చిందని కాదు. నన్ను అడగగలిగిన మనిషి, మా అమ్మీ, చనిపోయింది, అందుకు.

మాది తెనాలి. మా అబ్బా, అంటే నాన్న, మైక్‌సెట్ షాపు పెట్టారు, ఆయన పోయాక మా అన్న నడిపాడు. ఆరు హారన్లు, మూడు యాంప్లిఫయర్లు, పెద్ద బాక్సులు ఒక జత, బ్యాటరీలు, ఒక ట్రాలీ ఆటో. పెళ్లికీ మేమే, చావుకీ మేమే. వినాయకుడి పందిరికి కట్టిన హారన్లే రంజాన్ నెలలో మసీదు మీదికెక్కేవి, క్రిస్మస్‌కి చర్చి దగ్గరికి వెళ్లేవి. ఇంట్లో మేం మాట్లాడేది సగం ఉర్దూ, సగం తెలుగు. చదివేవాళ్ల కోసం ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. చదువు తొమ్మిదో తరగతితో ఆపేశాడు కానీ ఆ చెవులున్నాయే, అబ్బో! యాంప్లిఫయర్ గుయ్యిమంటే మూత విప్పకుండానే ఏ కండెన్సర్ పోయిందో చెప్పేవాడు. పందిట్లో నాలుగు హారన్లు మోగుతుంటే ఆ మూల దానికి తీగ వదులైందని కుర్చీలోంచి లేవకుండా అనేవాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేరే షాపులు కాదని మా దగ్గరికి వచ్చేది ఆ చెవుల కోసమే. అమ్మీ, వదిన, వాళ్ల ఆడపిల్లలు, నేను, ఇంటిల్లిపాదీ తిన్నది ఆ రెండు చెవుల మీదే అంటే అబద్ధం కాదు.

ఇక నా సంగతి. నేను బాపట్లలో డిగ్రీ చదివేవాణ్ణి. చదివేవాణ్ణని ఇంట్లో అనుకునేవాళ్లు. పొద్దున పాసింజర్‌కి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేవాణ్ణి, వచ్చి నేరుగా నెట్ సెంటర్లో దూరేవాణ్ణి. రెండువేల నాలుగో అయిదో, ఆ రోజుల్లో తెనాలిలో సందుకో నెట్ సెంటర్. చెక్క గదులు, కర్టెన్లు, స్పాంజి ఊడిపోయిన హెడ్‌ఫోన్లు. తక్కిన కుర్రాళ్లు ఆ కర్టెన్ల వెనక ఏం చూసేవాళ్లో నాకు అనవసరం. నేను మాత్రం పాటలు దించుకునేవాణ్ణి.

మొదటిది పొరపాటున దొరికింది. సినిమా పాట అనుకుని నొక్కాను, వచ్చింది వేరే ఏదో. గొంతు లేదు, పల్లవి లేదు. అడుగున ధప్ ధప్‌మని ఒకే దరువు, దాని మీద ఏదో తీగలాంటి చప్పుడు మెల్లమెల్లగా మారుతూ వస్తోంది. రెండు నిమిషాలు చిరాకు పడ్డాను. నాలుగో నిమిషంలో ఆ దరువు ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ వచ్చింది చూడండి, నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. అది ఎవరు చేశారో తెలీదు, ఆ రకాన్ని ఏమంటారో తెలీదు. ఫైలు పేరు చివర ఏవో అంకెలున్నాయంతే. నెల రోజులు పట్టింది దాన్ని టెక్నో అంటారని తెలియడానికి.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టింది. ఇంకో మాట చెప్పలేను. ఆ పాటల గురించి మాట్లాడుకునే సైటు ఒకటి దొరికింది. ఎవడెవడో ఎక్కడెక్కడి నుంచో రాస్తాడు, ఇది వినండి, అది వినండి అని. నేను వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేవాణ్ణి, వాళ్లు విసుక్కోకుండా చెప్పేవాళ్లు. ఒకతను నువ్వు ఏ క్లబ్బుకి వెళ్తావని అడిగాడు. మా ఊళ్లో క్లబ్బంటే పెద్దమనుషులు పేకాడుకునే చోటని రాశాను. దాని మీద వారం రోజులు నవ్వుకున్నారు. ఒక్కో పాట దిగడానికి ముప్పావు గంట పట్టేది. మధ్యలో లైను కట్టయితే ఉసూరుమని మళ్లీ మొదటి నుంచి. దిగినవన్నీ సీడీలకెక్కించి, స్కెచ్ పెన్నుతో తేదీలు రాసి, మంచం కింద దాచుకునేవాణ్ణి. బాపట్ల రైల్లో చెవులకి తగిలించుకుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న పెద్దాయన ఒకాయన అడిగాడు ఒకసారి.

"ఏం పాటలు బాబూ అవి, సినిమాయేనా?"

"కాదండి."

"భక్తి పాటలా?"

"కాదండి, వేరేవండి."

"ఏదీ, ఇటివ్వు" అని ఒక చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విని, "మిషను ఏదో పాడైనట్టుందే" అని జాలిగా తిరిగిచ్చేశాడు. నాకు నవ్వొచ్చింది, గర్వంగా కూడా అనిపించింది. ఈ రైలు మొత్తానికి నాకొక్కడికే తెలుసు అన్న పొగరు.

వినడంతో ఆగితే బాగుండేది. మా షాపులో పెళ్లిళ్లకి సీడీలు ఎక్కించడం కోసం అన్న ఒక కంప్యూటర్ కొన్నాడు. సైట్లోవాళ్లు పాటలు చేసే ప్రోగ్రాం ఒకటి చెప్పారు. డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు కానీ ఒక తిరకాసు ఉంది. చేసిన పని మధ్యలో దాచుకోనివ్వదు. మొదలుపెట్టినవాడు కంప్యూటర్ ఆపకుండా పూర్తి చెయ్యాలి, అయినంతవరకు పాటని వినే ఫైలుగా మాత్రం బయటికి తీసుకోవచ్చు. ఈలోపు ఆపితే అంతా గాలికి పోయినట్టే. కరెంటు పోతే మాకు బ్యాటరీలున్నాయి కదా! మైక్‌సెట్ బ్యాటరీల మీద వారాల తరబడి కంప్యూటర్ ఆపకుండా నడిపినవాణ్ణి తెనాలిలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. రేపల్లె రైలు పట్టాలు మారే చప్పుడు, మా యాంప్లిఫయర్ గుయ్యిమనే మోత, సంగం జాగర్లమూడి కాలవ మీద లాకు తలుపుల్లోంచి నీళ్లు దూకే హోరు, ఇవన్నీ టేపులో పట్టి కంప్యూటర్లోకి తెచ్చాను. వాటితోనే ఆ ఏడు నిమిషాలు కట్టుకుంటూ వచ్చాను.

సగం అయ్యాక ముక్క ఒకటి సైట్లో పెట్టాను. రెండో రోజు ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. కొత్తవాళ్ల పాటలు ఏరి ఇంటర్నెట్లో ఉచితంగా విడుదల చేసే ఒక చిన్న గుంపు ఉందట. పూర్తి చేసి వచ్చే ఆదివారం లోపల పంపితే వాళ్ల తర్వాతి సంచికలో నా పాట వేస్తామన్నారు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మా ఇంట్లో పిల్లాడు పుట్టినా అంత సంబరపడేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు డబ్బా గురించి చెప్పాలి. మా అబ్బా పాత టెలిఫోన్ రిసీవర్లోంచి వినే ముక్క ఒకటి ఊడదీసి దానికి వైరు కట్టారు. దాన్ని మేం బిళ్ళ అనేవాళ్లం. హారన్లు కలపకముందు అన్న ఆ బిళ్ళని యాంప్లిఫయర్ వెనక తగిలించి, కుడి చెవికి గట్టిగా నొక్కిపెట్టి, సౌండు బాగా పెంచి, లైను శుభ్రంగా ఉందో లేదో వినేవాడు. నేరుగా తగిలిస్తే చెవి బద్దలవుతుంది కనక మధ్యలో, యాంప్లిఫయర్ వెనక కంటికి కనపడని చోట, ఒక చిన్న రేకు డబ్బా బిగించి ఉండేది. తలనొప్పి మందు డబ్బా, దాన్నిండా రెసిస్టెన్సులు. వచ్చే శబ్దంలో చాలామట్టుకు అదే మింగేసేది. అదీ దాని పని.

శనివారం మధ్యాహ్నం అన్న నమాజుకి, అటునుంచటే భోజనానికి వెళ్లాడు. నా పాటలో అడుగు దరువు సరిగ్గా ఉందో లేదో వినాలి. కంప్యూటర్‌కున్న పిచ్చి స్పీకర్లలో అది వినపడదు. యాంప్లిఫయర్‌కి నా హెడ్‌ఫోన్లు తగిలించాను, డబ్బా మధ్యలో ఉంటే దరువంతా సన్నగా చప్పగా వస్తోంది. డబ్బా ఊడబీకాను. సౌండు అడుగుకి తగ్గించి నేరుగా విన్నాను. ఆహా! అప్పుడు వినిపించింది నా పాట. గంటసేపు మైమరచి కూర్చున్నాను. అన్న ఆటో చప్పుడు వినపడగానే గబగబా హెడ్‌ఫోన్లు తీసి బిళ్ళ వైరు మళ్లీ తగిలించేశాను. డబ్బా మాత్రం కంప్యూటర్ బల్ల సొరుగులో ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం, రేపల్లె అవతల నగరం అనే మండలంలో ఒక ఊళ్లో కబడ్డీ పోటీలు. పొద్దున్నే ఆటోలో సామానేసుకుని ఇద్దరం బయల్దేరాం. భట్టిప్రోలు దాటాక నాకు డబ్బా గుర్తొచ్చింది. అది సొరుగులోనే ఉంది. పక్కనే అన్న హుషారుగా ఈల వేస్తూ నడుపుతున్నాడు. "భాయ్, ఇవాళ బిళ్ళ పెట్టుకోకు" అంటే చాలు. నాలుగు మాటలు. ఎందుకని అడుగుతాడు, ఎందుకో చెప్పాలి, నా సామాను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానురా అంటాడు, యాంప్లిఫయర్ మీద చెయ్యి వెయ్యనివ్వడు. వారంలో పాట పంపాలి. సర్లే, దిగాక చెబుదాం అనుకున్నాను.

దిగీ దిగగానే పోటీలు పెట్టినాయన ఎదురొచ్చాడు. "ఏంటండీ ఇంతాలస్యం, టీములు వచ్చేసినయ్యి! ఆ హారన్లు ముందు ఎత్తండి బాబూ" అని హడావుడి. అన్న నా వైపు హారన్ తోశాడు. "పైకెక్కరా, నేను కింద చూసుకుంటా." నేను వెదురు నిచ్చెన ఎక్కాను. ఎక్కుతూ కూడా అనుకున్నాను, దిగగానే చెబుదామని.

పైన హారన్‌కి తాడు బిగిస్తూ కిందికి చూశాను. అన్న బిళ్ళ కుడి చెవికి నొక్కిపెట్టుకుని, ఎడమ చేత్తో సౌండు తిప్పుతున్నాడు. మైకు బల్ల మీద ఉంది. మా ప్రాంతం వాళ్లకి మైకు కనిపిస్తే ఊదకుండా ఉండలేరు, అదొక జబ్బు. పోటీలు పెట్టినాయన మైకు చేతిలోకి తీసుకున్నాడు, దాని నెత్తిన వేళ్లతో టపాటపా రెండు మొట్టి, ఫూ ఫూ అని గట్టిగా ఊదాడు. హారన్లు ఇంకా కలపలేదు కాబట్టి ఊరికేం వినపడలేదు. మొత్తం మా అన్న చెవిలోకే పోయింది. అన్న అరవలేదు. బిళ్ళ కింద పడింది, మనిషి చెవి పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నేను దిగేసరికి చుట్టూ జనం. "ఏమైంది తమ్ముడూ, షాకు కొట్టిందా?" అని ఎవరో నీళ్లిచ్చారు. అన్న లేచి నవ్వడానికి చూశాడు. "ఏం లేదండి, కాస్త గట్టిగా వచ్చింది" అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "ఒరే, చెవిలో రైలు కూస్తోందిరా, నువ్వు చూసుకో ఇవాళ" అన్నాడు. ఆ రోజంతా సెట్టు నేనే నడిపాను. సామాను సర్దింది నేనే. తెనాలి వచ్చాక అన్న ఇంటికి పోతే షాపు తీసి సొరుగులోంచి డబ్బా తీసి దాని చోట దాన్ని బిగించిందీ నేనే. దొంగతనం చేసినవాడు కూడా అంత జాగ్రత్తగా సర్దడు.

మర్నాడు అన్న షాపుకొచ్చి మొదట చూసింది ఆ డబ్బానే. విప్పి, రెసిస్టెన్సులు ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూశాడు. "అన్నీ బానే ఉన్నయ్యిరా" అన్నాడు ఆశ్చర్యంగా. "మరి అంత సౌండెలా వచ్చింది? నేనే చూసుకోకుండా పెంచేశానేమో. నా చెయ్యే తొందరపడింది." నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను.

అమ్మీ ఆ పొద్దున్నే వెల్లుల్లి రెబ్బలు వేసి నూనె కాచింది. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో ఎవరి చెవికి నొప్పొచ్చినా మందు అదే. అన్నని ఒళ్లో పడుకోబెట్టుకుని, గోరువెచ్చగా చేసి, చుక్క చుక్క వేసి, దూది పెట్టింది. ముప్పై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకుని పడుకున్నాడు. "రేపటికల్లా తగ్గిపోద్ది" అంది అమ్మీ.

నాకు తగ్గుతుందని నమ్మకం లేదు. ఆ సైట్లోవాళ్లు చెవుల గురించి తెగ రాసుకునేవాళ్లు, పెద్ద శబ్దాల మధ్య బతికేవాళ్లు కాబట్టి. సోమవారం మధ్యాహ్నం నెట్ సెంటర్‌కి పోయి అంతా రాశాను. ఏం చేశానో, డబ్బా ఎందుకు తీశానో, అన్నకి ఏమైందో, అమ్మీ ఏం వేస్తోందో. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు ఏదీ దాచలేదు. అదే నాకిప్పటికీ అర్థం కానిది. ఇంట్లోవాళ్లకి చెప్పలేని నిజం ఎక్కడో ఉన్నవాళ్లకి ఇట్టే చెప్పేశాను.

మంగళవారానికి జవాబు వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసే ఒకావిడ రాసింది. నూనె వెంటనే ఆపండి, చెవిలో ఏమీ వెయ్యొద్దు, లోపల పొర చిరిగి ఉండొచ్చు. ఇవాళే చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, రేపు అనొద్దు, ఇలాంటివాటికి మొదటి రోజుల్లోనే మందు పనిచేస్తుంది, ఆలస్యమైతే వినికిడి తిరిగి రాదు. కింద ఇంకో నలుగురు అదే మాట రాశారు. ఒకడైతే, నువ్వు ఇంకా ఇది చదువుతూ కూర్చున్నావా, లేచి ఇంటికి పో అని రాశాడు.

ఇంటికి పోయాను. అమ్మీ నూనె గిన్నె పొయ్యి మీద పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నోటిదాకా వచ్చింది. వద్దు అంటే, నీకెలా తెలుసంటారు. నెట్లో అడిగానంటాను. ఏమని అడిగావంటారు. అబద్ధం చెప్పొచ్చు కదా, కాలేజీలో లెక్చరర్ చెప్పాడనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆ తెలివి నాకు రాకపోలేదు. వచ్చింది. కానీ డాక్టర్ ఎలా జరిగిందని అడుగుతాడు, అన్న మళ్లీ డబ్బా గురించి ఆలోచిస్తాడు, షాపులో నేనేం చేస్తున్నానో తవ్వుతాడు, కంప్యూటర్ ఆపేస్తాడు. పాట ఇంకా రెండు నిమిషాలు మిగిలుంది. ఉన్నమాట ఇదీ. భయం సగం, పాట సగం. అన్నకి తగ్గిపోతుందిలే, ఆ తెల్లవాళ్లు ప్రతిదానికీ కంగారుపడతారు అని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మీ గిన్నె తీసుకుని నా పక్కనుంచే అన్న గదిలోకి వెళ్లింది.

బుధవారం వేసింది. గురువారం వేసింది. శుక్రవారం జుమా నమాజుకి ముందు కూడా వేసి, దువా చదివి, ఆ ప్రార్థన చెవి మీద ఊదింది. నేను ఆ నాలుగు రోజులూ షాపులో కూర్చుని నా పాట చివరి రెండు నిమిషాలు చేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బాగా వచ్చింది. ఎన్నడూ రానంత బాగా వచ్చింది.

శనివారం అన్నకి జ్వరం పట్టుకుంది, చెవిలోంచి చీము కారింది. దిండు గలీబు తడిసిపోయింది. అమ్మీ ఆ గలీబు పట్టుకుని ఏడ్చింది. ఆదివారం మధ్యాహ్నం నేను నెట్ సెంటర్‌కి వెళ్లి పాట పంపాను. గంటన్నర పట్టింది ఎక్కడానికి. ఆ గంటన్నరా కుర్చీలోంచి లేవలేదు. సోమవారం ముగ్గురం గుంటూరు వెళ్లాం.

ఆ డాక్టర్ పెద్దాయన, కోపిష్టి. చెవిలో లైటు వేసి చూసి, పరీక్షలన్నీ చేయించి, కాగితాలు ముందు పెట్టుకుని, "ఇందులో నూనె ఎవరు పోశారు?" అన్నాడు.

"నేనేనండి" అంది అమ్మీ.

"పోసి చంపారు. చిన్నప్పుడు ఈ చెవి కారేదా?"

"కారేదండి. తగ్గిపోయిందనుకున్నాం."

"తగ్గలేదమ్మా. లోపల పొరకి పాత చిల్లుంది. నూనె అందులోంచి లోపలికి పోయి కుళ్లింది. అసలే శబ్దానికి నరం దెబ్బతింది, దాని మీద ఇది. ఎన్ని రోజులైంది? ఎనిమిదా! రెండో రోజు తెచ్చినా ఏదో చేసేవాణ్ణి కదమ్మా! ఇప్పుడు చీము ఆపగలను, వినికిడి తేలేను."

అమ్మీకి అందులో నరం సంగతి ఎక్కలేదు. నూనె అన్నది ఒక్కటే ఎక్కింది. బయటికొచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. "నా చేతులు విరగ, నా బిడ్డ చెవి నేనే తీసేశాను" అని తన చేతులు తనే కొట్టుకుంది. అన్న ఆ చేతులు పట్టుకుని, "ఊరుకో అమ్మీ, ఇంకోటుందిగా" అన్నాడు. రెండో రోజు తెచ్చినా అని డాక్టర్ చెప్పిన మాట నా బుర్రలో గిర్రున తిరుగుతోంది. రెండో రోజు మధ్యాహ్నం నాకు తెలుసు. సైట్లో ఆ ఆసుపత్రి ఆవిడ ఇంగ్లీషులో, వరసగా, నాకు అర్థమయ్యేంత తేలిక మాటల్లో రాసింది. అమ్మీ పక్కన మెట్టు మీదే నేను కూర్చున్నాను, టీ తెమ్మంటారా అని అడిగాను.

ఒక చెవితో బతకొచ్చు. కానీ మైక్‌సెట్ నడపలేరు. శబ్దం ఎటునుంచి వస్తోందో అన్నకి తెలియకుండా పోయింది. ఏ హారన్ గరగరమంటోందో చెప్పలేక ఒక్కోదాని కిందికీ వెళ్లి నిలబడి చూసేవాడు. సౌండు మరీ పెంచేసేవాడు. కొలకలూరులో ఒక పెళ్లిలో, "ఏంటండీ ఇది, మాటలు వినపడట్లేదు, మీ సెట్టు ఇదివరకట్లా లేదండీ" అని నలుగురిలో అనేశారు. రోడ్డు మీద వెనకనుంచి లారీ హారన్ కొడితే అటుకాక ఇటు జరిగేవాడు. ఏడాది తిరక్కుండా షాపు ఎత్తేశాం. అన్న ఒక టెంట్ హౌస్‌లో కుర్చీలు, పందిరి గుడ్డల లెక్క చూసే పనిలో చేరాడు. ఎవరన్నా పిలిస్తే పలకడు, పొగరనుకునేవాళ్లు. మాట్లాడితే అరిచినట్టుండేది. ఇంతకుముందు పందిట్లో అన్న ఈల వేస్తుంటే ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు, ఆ ఈల మళ్లీ వినలేదు.

అమ్మీ వెల్లుల్లి కాచడం మానేసింది. అదొక్కటే కాదు, మనవరాళ్ల తలకి నూనె రాయడం కూడా మానేసింది. పిల్లలు జుట్టు విరబోసుకుని ఎదురుగా వచ్చి కూర్చుంటే, "మీ అమ్మని రాయమను, నా చేతులు మంచివి కావు" అనేది. నా పాట విడుదలైంది. కింద పాతిక మందో ముప్పై మందో మెచ్చుకుంటూ రాశారు. అన్నిటికంటే చివర ఆ ఆసుపత్రి ఆవిడ రాసింది, మీ అన్నయ్యకి ఎలా ఉంది, డాక్టర్ ఏమన్నారు అని. నేను జవాబివ్వలేదు. ఆ సైటుకి మళ్లీ వెళ్లలేదు. పాటలు వినడం మాత్రం మానలేదు, రెండు చెవులతో.

మూడేళ్ల తర్వాత అమ్మీకి మామయ్యతో కలిసి హజ్‌కి వెళ్లే వీలు దొరికింది. హజ్‌కి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు అయినవాళ్లందరి దగ్గరికీ ఇరుగుపొరుగు దగ్గరికీ వెళ్లి మాఫీ అడగడం మాలో ఆనవాయితీ. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసింది ఆ మనిషే క్షమించాలి అంటారు. అది తీరకుండా వెళ్లకూడదు. అమ్మీ వారం రోజులు వీధి వీధీ తిరిగింది. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర కూడా చేతులు పట్టుకుని, "తెలిసీ తెలియక ఏమన్నా అనుంటే మాఫ్ చెయ్యమ్మా" అంది. ఆవిడ, "అయ్యో, మీరేమన్నారు అత్తా, క్షేమంగా వెళ్లి రండి" అంటూ ఏడ్చేసింది.

బయల్దేరే పొద్దున మా వంతు వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. అమ్మీ అన్న ముందుకొచ్చి కూర్చుని, మళ్లీ లేచి ఎడమ పక్కకి మారి కూర్చుంది, వినపడాలని. అన్న చేతులు రెండూ పట్టుకుంది.

"నీ చెవి నేను పోగొట్టాను నాయనా. నీ పని పోయింది, నీ షాపు పోయింది, అంతా నా వల్లే. నువ్వు మాఫ్ చెయ్యకపోతే నేను అక్కడికి వెళ్లి ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"అలా అనకమ్మీ! మాఫ్, మాఫ్, వందసార్లు మాఫ్" అని అన్న గట్టిగా అరుస్తూ ఏడ్చాడు. అన్నకి తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. గదిలో అందరూ కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత నా దగ్గరికొచ్చింది. నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. నా గడ్డం పట్టుకుంది. "చదువు విషయంలో నిన్ను నానా మాటలూ అన్నాను. పనికిమాలినవాడన్నాను. మాఫ్ చెయ్రా."

"చేశానమ్మీ" అన్నాను.

ఆమె కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ ఉంది. "నీకేమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు నాయనా. నా వల్ల అయ్యేదైతే నేనూ మాఫ్ చేసేసి వెళ్తా. మళ్లీ వస్తానో రానో."

అందరూ మా వైపే చూస్తున్నారు. అన్న కూడా, ఎడమ చెవి ఇటు తిప్పి.

"ఏం లేదమ్మీ" అన్నాను.

ఆమె నమ్మింది. నా నుదుటి మీద ముద్దు పెట్టి, బయట ఆటో హారన్ కొడుతుంటే చెప్పులేసుకుంది.